మొటిమల మందులతో కాలిన ముఖం మళ్ళీ మామూలవుతుందా?

ప్రొద్దుటూరు నుంచి 24 ఏళ్ళ అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. మొటిమలకని మెడికల్ షాపులో ఇచ్చిన క్రీము ఏడెనిమిది నెలలు రాసుకున్నారు. మొదట్లో ముఖం నున్నగా, తెల్లగా తేలింది. ఆపిన వారానికే మొటిమలు ముందుకంటే ఎక్కువగా లేచాయి. భయపడి మళ్ళీ రాయడం మొదలుపెట్టారు. అది చాలదని యూట్యూబ్ చూసి సాలిసిలిక్ యాసిడ్ ఫేస్‌వాష్, బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్, ఇంట్లో వేసుకునే పీల్ సీరం (చర్మం పైపొరను రాల్చే యాసిడ్ ద్రవం) కూడా తోడు చేశారు. ఇప్పుడు చన్నీళ్ళు తగిలినా మంట, బుగ్గలు ఎర్రబడ్డాయి, పొట్టు రాలుతోంది, దవడల దగ్గర నల్లబడింది. మూడు నెలల్లో పెళ్ళి. "నా ముఖం ఇక ఇంతేనా? ఏం రాస్తే తొందరగా తగ్గుతుంది?" అని అడిగారు. తమ్ముడు అదే షాపులో ఇచ్చిన ఇంకో ట్యూబు గజ్జల్లో తామరకు రాస్తున్నాడు, రాయొచ్చా అని చివర్లో ఇంకో ప్రశ్న.

అమ్మా, నేను అనంతపురంలో చర్మవ్యాధుల డాక్టరుని. ముందు జవాబు చెప్పేస్తాను. మీ ముఖం శాశ్వతంగా పాడైపోలేదు. మీరు చెప్పిన వాటిలో చాలావరకు తగ్గిపోయేవే. మంట, పొట్టు సాధారణంగా నాలుగైదు వారాల్లో సర్దుకుంటాయి. నలుపుకు నెలలు పడుతుంది. షాపు క్రీము చేసిన ఎరుపు, దాన్ని ఆపితే లేచే మొటిమలు మాత్రం రెండు మూడు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం మొండికేస్తాయి. అయితే తొందరగా తగ్గడానికి రాసుకోవలసిన క్రీము ఏదీ లేదు. తొందరగా తగ్గాలంటే రాసుకునేవి తగ్గించాలి.

ఈ రోజే ఆపేయాల్సినవి: సాలిసిలిక్ ఫేస్‌వాష్, బెంజాయిల్ పెరాక్సైడ్, పీల్ సీరం, స్క్రబ్, విటమిన్ సి సీరం, నిమ్మరసం, శనగపిండి, ముల్తానీ మట్టి, పార్లర్లో చేసే బ్లీచ్, ఫేషియల్. వీటిని ఒక్కసారిగా మానేస్తే ఏ నష్టమూ లేదు.

మీ అంతట మీరు ఆపకుండా, ఈ వారంలోనే డాక్టరుకు చూపించాల్సింది: ఆ షాపు క్రీము. ఎందుకో చెబుతాను, ఎందుకంటే మీ కష్టమంతా అక్కడే మొదలైంది.

ఆ ట్యూబు తీసి చూడండి. చివరిదాకా పిండుకుంటూ మనం ట్యూబు అడుగు నుంచి మడత పెట్టుకుంటూ వస్తాం కదా, చదవాల్సిన అక్షరాలు చాలాసార్లు ఆ మడతలోనే ఉండిపోతాయి. మడత విప్పి, లేబుల్ అంచున నిలువుగా ఎర్ర గీత ఉందేమో చూడండి. ఉంటే అది డాక్టరు చీటీ మీద మాత్రమే అమ్మాల్సిన మందు అని అర్థం. తర్వాత మందుల పేర్లు చదవండి. బీటామెథసోన్, మొమెటసోన్, ఫ్లూటికసోన్, డెక్సామెథసోన్, క్లోబెటసాల్, ఫ్లూసినోలోన్, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అది స్టెరాయిడ్. పేరు చివర "సోన్" అని వస్తే దాదాపు అనుమానించాల్సిందే. దాంతోపాటు హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్ కూడా ఉన్నాయంటే అది మూడు మందుల మిశ్రమం. మీరు చెప్పిన తీరు చూస్తే, ముఖ్యంగా తెల్లగా తేలడం, ఆపగానే తిరగబెట్టడం చూస్తే, మీ చేతిలో ఉన్నది ఇదేనని నాకు గట్టి అనుమానం.

ఈ మూడింటినీ కలిపే పద్ధతి 1975లో అమెరికాలో క్లిగ్‌మన్, విల్లిస్ అనే డాక్టర్లు ప్రకటించారు. అది మచ్చల నలుపు తగ్గించడానికి. మంగు మచ్చలకు మేమూ రాస్తాం, కానీ కొన్ని వారాలకే, మధ్యమధ్యలో చూస్తూ. మొటిమలకు అది మందే కాదు. మరి మొదట్లో ముఖం అంత బాగా ఎందుకు కనిపించింది? స్టెరాయిడ్ చర్మంలోని సన్న రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది, వాపును అణిచేస్తుంది. ఎర్రగా ఉన్న మొటిమ రెండు రోజుల్లో చదునవుతుంది. హైడ్రోక్వినోన్ రంగు తయారవడాన్ని తగ్గిస్తుంది. ట్రెటినోయిన్ పైపొరను రాలుస్తుంది. ముగ్గురూ కలిసి పనిచేస్తుంటే అద్దంలో ముఖం మెరుస్తుంది, షాపు ఆయన మంచి మందు ఇచ్చాడనిపిస్తుంది. లోపల మాత్రం చర్మం పలచబడుతూ ఉంటుంది. ఆపగానే ముడుచుకున్న నాళాలన్నీ ఒక్కసారి తెరుచుకుంటాయి. రెండు మూడు రోజుల నుంచి రెండు వారాల లోపల మంట, ఎరుపు, ఒకే సైజు గింజల్లాంటి మొటిమలు గుంపుగా లేస్తాయి. "మందు మానేశాను కాబట్టి వచ్చింది" అనుకుని మళ్ళీ రాస్తారు. ఇలా ఏళ్ళ తరబడి తిరిగేవాళ్ళున్నారు.

ఇది మీ ఒక్కరి సమస్య కాదు. 2011లో మన దేశంలో చర్మ వైద్యులు ప్రచురించిన ఒక పరిశీలనలో, ముఖం మీద సమస్యతో వచ్చిన 2926 మందిలో 433 మంది ముఖానికి స్టెరాయిడ్ క్రీము రాసుకుంటున్నవాళ్ళే. అంటే దాదాపు ఏడుగురిలో ఒకరు. దీనికి వైద్యంలో ఒక ప్రత్యేకమైన పేరే పెట్టారు, స్టెరాయిడ్ పూతతో దెబ్బతిన్న ముఖం అని. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూత మందులను చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్ అనే మందుల జాబితాలో చేర్చింది. చట్టం ఉంది. కానీ మా దగ్గరికి వచ్చేవాళ్ళను చూస్తే కౌంటర్ దగ్గర పరిస్థితి పెద్దగా మారలేదనే చెప్పాలి. అందుకని చదువుకున్న అమ్మాయి అయి ఉండి ఎలా వాడానా అని మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు. తెల్ల కోటు వేసుకోకపోయినా, మందులమ్మే మనిషి చేత్తో ఇచ్చాడు కాబట్టి నమ్మారు. ఎవరైనా నమ్ముతారు.

తక్కువ రోజులు వాడినవాళ్ళకు మేము నేరుగానే ఆపిస్తాం. నెలల తరబడి రోజూ రాసినవాళ్ళకు ఒక్కోసారి తక్కువ శక్తి ఉన్నదానికి మార్చి, రోజు విడిచి రోజు, తర్వాత వారానికి రెండుసార్లు అని దించుకుంటూ వస్తాం. తిరగబెట్టే ఎరుపును అణచడానికి స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ పూత, కొందరికి కొన్ని వారాలు డాక్సీసైక్లిన్ మాత్రలు ఇస్తాం. ఎవరికి ఏది అన్నది ముఖం చూసి తేల్చాల్సిందే. ఈ మందుల పేర్లు చూసి షాపుకు వెళ్ళి కొనుక్కోవద్దు. ఏం జరగబోతోందో ముందే తెలిస్తే మీరు కంగారు పడరని మాత్రమే చెబుతున్నాను. తిరగబెట్టినప్పుడు టెన్షన్‌తో పాత ట్యూబు మళ్ళీ పట్టుకోకపోవడమే ఈ వైద్యంలో సగం.

ఇక రెండో దెబ్బ, యాసిడ్లూ జెల్లూ చేసింది. ఇది వేరే రకం. చర్మం పైపొరలో చచ్చిన కణాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి, వాటి మధ్య సెరమైడ్లనే కొవ్వు పదార్థాలు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు మెత్తినట్టు ఉంటాయి. మన పాత మట్టి మిద్దెల మీద చవుడు మన్ను పరిచేది ఎందుకో మీకు తెలిసే ఉంటుంది. ఆ చవుడు కొట్టుకుపోతే చిన్న వానకే ఇల్లు కారుతుంది. మీ ముఖం మీద ఇప్పుడు జరిగింది అదే. లోపలి తేమ బయటకు పోతోంది, బయటి నీళ్ళు, సబ్బు, చెమట లోపలికి దిగి మంట పుట్టిస్తున్నాయి. చన్నీళ్ళకే మంట వస్తోందన్నారు కదా, పైపొర తెగిందనడానికి అంతకంటే గుర్తు అక్కర్లేదు. స్టెరాయిడ్‌తో ముందే పలచబడిన చర్మం మీద ఈ మూడూ కలిపి వేశారు కాబట్టి దెబ్బ ఇంత గట్టిగా తగిలింది.

సాలిసిలిక్ యాసిడ్, బెంజాయిల్ పెరాక్సైడ్ చెడ్డ మందులని నేననడం లేదు. రెండూ మొటిమలకు పనిచేసేవే. బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం ఉన్నది 10 శాతం ఉన్నదానికి దాదాపు సమానంగా పనిచేస్తుంది, మంట మాత్రం చాలా తక్కువ. మనవాళ్ళు "స్ట్రాంగ్‌ది ఇవ్వండి" అని అడిగి ఎక్కువ శాతం ఉన్నదే తెచ్చుకుంటారు. ఇంజినీరింగ్ చదివే ఒక అబ్బాయి నా దగ్గరికి వచ్చినప్పుడు ముక్కు పక్కల, నోటి మూలల్లో చర్మం ఎండి చీలిపోయి ఉంది, నవ్వితే రక్తం వచ్చేది. హాస్టల్లో నలుగురు మిత్రులు నలుగురి క్రీములూ పంచుకున్నారు. పొద్దున ఒకటి, రాత్రి రెండు, మధ్యలో స్క్రబ్. అతనికి నేను ఒక్క మందు కూడా కొత్తగా రాయలేదు. అన్నీ ఆపించి నెల రోజులు మాయిశ్చరైజర్ ఒక్కటే వాడమన్నాను. "మేడం, ఫీజు తీసుకుని ఏమీ రాయరేంటి" అని వాళ్ళ నాన్నగారు కాస్త నొచ్చుకున్నారు కూడా. నెల తర్వాత చర్మం మూసుకుంది, మొటిమలు కూడా సగానికి తగ్గాయి. కొన్ని గింజలు మొటిమలు కావు, రాపిడికి వచ్చినవి.

ఈ నెల రోజులూ మీరు చేయాల్సింది ఇంతే.

పొద్దున ముఖానికి ఉత్త నీళ్ళు చాలు. రాత్రికి నురగ ఎక్కువ రాని, వాసన లేని క్లెన్సర్ కొంచెం తీసుకుని చేతివేళ్ళతో అద్ది కడిగేయండి. మామూలు ఒంటి సబ్బు వద్దు. చర్మం సహజంగా కాస్త ఆమ్లగుణంతో ఉంటుంది, సబ్బుకు క్షారగుణం, దెబ్బతిన్న చర్మం దాన్ని తట్టుకోలేదు. పైగా మన వైపు బోరు నీళ్ళు ఉప్పన. సబ్బుతో కలిస్తే ఆ నీళ్ళలోని కాల్షియం తెల్లటి జిడ్డులా చర్మానికి అంటుకుని ఉండిపోతుంది. మీ ఇంట్లో నీళ్ళకు బకెట్ అంచున తెల్ల చారలు కడుతున్నాయంటే, చివరిగా ఒక చెంబు ఫిల్టర్ నీళ్ళతో ముఖం కడుక్కోండి. ఖర్చు లేని పని, కొందరికి తేడా బాగా కనిపిస్తుంది.

తుడవకుండా మెత్తటి పాత నూలు గుడ్డతో అద్దండి. తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్. డబ్బా మీద సెరమైడ్లు, గ్లిజరిన్ అని ఉండాలి, సువాసన ఉండకూడదు, మొటిమల చర్మానికి పనికొస్తుందని రాసి ఉండాలి. ఖరీదైనదే అక్కర్లేదు. రోజుకు మూడు నాలుగుసార్లు రాసుకున్నా తప్పులేదు. చీలిన చోట్ల, నోటి మూలల్లో పలుచగా వాసెలిన్ పెట్టండి. మాయిశ్చరైజర్ కూడా మొదటి రెండు మూడు రోజులు ఒక నిమిషం చురుక్కుమనొచ్చు. నిమిషంలో పోతే పర్వాలేదు. పది నిమిషాలైనా మండుతుంటే అది కడిగేసి వాసెలిన్ ఒక్కటే వాడుతూ డాక్టరుకు చెప్పండి.

కొబ్బరి నూనె గురించి చాలామంది అడుగుతారు. ఒంటికి మంచిదే, మొటిమలున్న ముఖానికి మాత్రం రంధ్రాలు మూసేస్తుంది. కలబంద చెట్టు నుంచి కోసి నేరుగా రాయడం కూడా ఇప్పుడు వద్దు. ఆకు కోయగానే కారే పసుప్పచ్చ పాలు పుండులాంటి చర్మాన్ని ఇంకా మండిస్తాయి.

ఎండ గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. మన సీమ ఎండ వేరు. నల్లబడిన మచ్చలు మానకపోవడానికి మన దగ్గర నేను చూసే ముఖ్యమైన కారణం ఎండే. చామనచాయ చర్మంలో ఎక్కడ మంట, పుండు, వాపు వచ్చినా అది మానేటప్పుడు నలుపు వదిలి వెళుతుంది. అది కాలినట్టు కాదు, రంగు కణాలు భయపడి ఎక్కువ రంగు పోసినట్టు. దానంతట అది పోతుంది, కానీ రోజూ ఎండ తగులుతుంటే పోదు. సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకు మించినది, ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ళ పొడవున పిండి రాయాలి. జింక్ ఆక్సైడ్ ఉన్నవి మండే చర్మానికి మంచివి. చర్మం రంగు కలిపిన సన్‌స్క్రీన్లలో ఐరన్ ఆక్సైడ్ ఉంటుంది, అవి మామూలు వెలుతురు వల్ల వచ్చే నలుపును కూడా ఆపుతాయి కాబట్టి మన రంగువాళ్ళకు ఇంకా నయం. మొదటి వారం ఏ సన్‌స్క్రీన్ రాసినా మండితే బలవంతం చేయకండి, చున్నీ, గొడుగు చాలు. స్కూటీ మీద వెళ్ళేటప్పుడు కట్టుకునే చున్నీ రోజూ ఉతకండి. చెమట, దుమ్ము పట్టిన చున్నీనే బుగ్గలకు రాపిడి.

మళ్ళీ మొటిమల మందు ఎప్పుడు? నీళ్ళు తగిలినా మంట లేకుండా వరసగా రెండు వారాలు గడిచాక. అదీ ఒక్క మందే. మీలాంటి ముఖానికి నేను ఎక్కువగా అజెలాయిక్ యాసిడ్‌తో మొదలుపెడతాను, మొటిమలకూ నలుపుకూ రెండింటికీ పనిచేస్తుంది, గర్భం వచ్చినా వాడొచ్చు. అడపలీన్ 0.1 శాతం కూడా మంచి మందే. ముఖం మొత్తానికి శనగగింజంత చాలు, వారానికి రెండు రాత్రులతో మొదలు, ముందు మాయిశ్చరైజర్ రాసి దాని మీద. నెలకోసారి ఒక రాత్రి పెంచుకుంటూ పోవచ్చు. ఏ మొటిమల మందు ఫలితమైనా కనిపించడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. రెండు రోజుల్లో ముఖం మెరిపించిందంటే ఆ మందులో ఏముందో అనుమానించాలి.

పెళ్ళి దగ్గర పడుతోంది కాబట్టి ఇది తప్పకుండా చదవండి. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ అనే మాత్రలు ఉన్నాయి. మొండి మొటిమలకు చాలా బాగా పనిచేస్తాయి, కానీ వాడుతున్నంత కాలం, ఆపిన తర్వాత ఒక నెల వరకు గర్భం రాకూడదు. వస్తే బిడ్డకు తీవ్రమైన అవకరాలు వచ్చే ప్రమాదం చాలా ఎక్కువ. అడపలీన్, ట్రెటినోయిన్ పూతలు, డాక్సీసైక్లిన్ కూడా గర్భిణులు వాడకూడదు. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా "నాకు ఫలానా నెలలో పెళ్ళి" అని మొదటి మాటగా చెప్పండి. మొహమాటపడి చెప్పకపోతే మందుల ఎంపిక తారుమారవుతుంది.

పెళ్ళిలోపు తెల్లగా కావాలని పార్లర్లో పీల్, లేజర్ ప్యాకేజీలు అమ్ముతారు. ఇప్పుడున్న మీ చర్మం మీద అవి వేస్తే పెళ్ళిరోజుకు నలుపు రెట్టింపవుతుంది. తాడిపత్రి నుంచి వచ్చిన ఒకమ్మాయికి సరిగ్గా ఇదే జరిగింది. మీకు ఉన్నలాంటి ఎరుపే, ముహూర్తానికి నెల ముందు గ్లైకాలిక్ పీల్ వేయించుకుంది. రెండు బుగ్గల మీదా బొబ్బలు లేచి, అవి మానిన చోట కాఫీ రంగు మరకలు పడ్డాయి. అవి పూర్తిగా పోయేసరికి దాదాపు సంవత్సరం పట్టింది. మీరు ఇప్పటి నుంచి పైన చెప్పినవన్నీ ఆపి, షాపు క్రీమును డాక్టరు చెప్పినట్టు మానుకుంటే మూడు నెలలకు మంట, పొట్టు లేని ముఖం ఉంటుంది, నలుపు చాలావరకు పలచబడి ఉంటుంది. దాని మీద మేకప్ చక్కగా కూర్చుంటుంది. నలుగు పెట్టే రోజు పెద్దవాళ్ళకు ముందే చెప్పండి, ముఖానికి పసుపు రుద్దకుండా బుగ్గకు వేలితో అద్దమని. చేతులకు, కాళ్ళకు ఎంత రుద్దినా పర్వాలేదు. మా ఇంటి పెళ్ళిళ్ళలో కూడా ఇలాగే చెబుతాం, అత్తమ్మలు ఎవరూ ఏమీ అనుకోలేదు.

కొన్ని మాత్రం పూర్తిగా వాటంతట అవి పోవు, అది కూడా నిజాయితీగా చెప్పాలి. బుగ్గల మీద సన్న ఎర్ర దారాల్లా రక్తనాళాలు కనిపిస్తుంటే అవి కొంతవరకే తగ్గుతాయి, మిగిలిన వాటికి తర్వాతెప్పుడైనా లేజర్ అవసరం కావచ్చు. స్టెరాయిడ్ వల్ల లేచిన సన్న వెంట్రుకలు నెలల్లో మెల్లగా తగ్గుతాయి, ఈలోగా వ్యాక్సింగ్ వద్దు. మొటిమలు వదిలిన గుంటలకు చేసే చికిత్సలు చర్మం పూర్తిగా కోలుకుని కనీసం ఆరు నెలలయ్యాక ఆలోచించండి. హైడ్రోక్వినోన్ ఏళ్ళ తరబడి వాడినవాళ్ళలో కొందరికి నీలి నలుపు రంగు మచ్చలు పడతాయి, అవి పోగొట్టడం చాలా కష్టం. ఏడెనిమిది నెలల్లో మీకు అంతదాకా వచ్చి ఉండదు, కానీ ఆ ట్యూబు ఇంకా కొనసాగిస్తే అదే దారి.

చీము, తేనె రంగు పక్కు కట్టడం, నీటి బొబ్బలు, కళ్ళ చుట్టూ వాపు, జ్వరం, వీటిలో ఏది వచ్చినా ఆ రోజే వెళ్ళండి. ఖర్చుకు వెనకాడితే కడప ప్రభుత్వాసుపత్రి (రిమ్స్) మీకు దగ్గరే, అక్కడ చర్మవ్యాధుల ఓపీ ఉంది. కర్నూలు, అనంతపురం పెద్దాసుపత్రుల్లోనూ ఉంది. వెళ్ళేటప్పుడు వాడిన ట్యూబులు, సీసాలు ఖాళీవైనా సరే ఒక కవర్లో వేసుకుని తీసుకెళ్ళండి. "తెల్ల ట్యూబు, పైన పింక్ రంగు" అని చెబితే మాకు ఏమీ తెలియదు. మడత విప్పిన ట్యూబు చూపిస్తే సగం పని అయిపోతుంది.

ఇక మీ తమ్ముడి సంగతి. వద్దు, ఆపేయమనండి. తామరకు షాపుల్లో ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో ఫంగస్ మందుతో పాటు స్టెరాయిడ్ కూడా కలిపి ఉంటుంది. దురద రెండు రోజుల్లో తగ్గుతుంది కాబట్టి నయమైందనుకుంటారు, కింద ఫంగస్ పాకుతూనే ఉంటుంది. అసలు గుండ్రటి రూపం కూడా మారిపోయి తర్వాత మాకే గుర్తుపట్టడం కష్టమవుతుంది. గజ్జల్లో చర్మం పలచన, అక్కడ నెలల తరబడి రాస్తే ప్రసవం తర్వాత పొట్ట మీద పడే చారల్లాంటివి పడతాయి, ఆ చారలు పోవు. అతని ట్యూబు మీద కూడా పైన చెప్పిన స్టెరాయిడ్ పేర్లు ఏవైనా ఉన్నాయేమో చూడండి. లేకుండా ఉత్త ఫంగస్ మందు ఒక్కటే ఉన్నది, డాక్టరు చెప్పినన్ని వారాలు, తగ్గినట్టు కనిపించాక కూడా కొన్నాళ్ళు రాయాలి. ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉంటే వాళ్ళనూ తీసుకుని ఒకేసారి వెళ్ళండి, టవళ్ళు ఎవరివి వాళ్ళు వాడుకోండి, లోదుస్తులు వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరేయండి.